బ్లాగు సందేహాలు: మాయమయ్యే వ్యాఖ్యలు, బారెడు లంకెలు

ప్రశ్న: బ్లాగ్‌స్పాట్ బ్లాగుల్లో వ్యాఖ్య రాసి 'పబ్లిష్' నొక్కితే పెట్టె ఖాళీ అవుతోంది, రాసింది కనబడదు. జీమెయిల్‌లో లాగినై ఉన్నాను. వాళ్లే తీసేస్తున్నారా?
– ఒక పాఠకురాలు, కర్నూలు

జవాబు: అలా అనుకోకండి. నొక్కగానే 'ఆమోదించాక కనిపిస్తుంది' అన్న అర్థంలో ఓ వాక్యం వచ్చిందేమో చూడండి. వస్తే మీ వ్యాఖ్య చేరినట్టే, బ్లాగరి చూసి వదలాలి. పాత టపాలకు మాత్రమే ఈ తనిఖీ పెట్టుకునేవాళ్లూ ఉంటారు. రెండు రోజులు ఆగండి. అదే వ్యాఖ్యను మళ్లీ మళ్లీ పంపితే స్పామ్‌లో పడే ప్రమాదం ఉంది.

ఆ వాక్యం రాకుండా పెట్టె ఖాళీ అయితే ముందుగా బ్రౌజర్‌నే అనుమానించాలి. మీరు చదివే పేజీ బ్లాగ్‌స్పాట్‌ది. దాని అడుగున ఉన్న వ్యాఖ్యల పెట్టె మాత్రం బ్లాగ్‌స్పాట్ బ్లాగులను నడిపే 'బ్లాగర్' సైటు (బ్లాగర్ డాట్ కామ్) నుంచి వస్తుంది. అందుకని మీరెవరో చెప్పే కుకీని బ్రౌజర్ బయటి సైటుదిగా లెక్కగట్టి ఆపేస్తుంది. సఫారీలోనూ, క్రోమ్ ఇన్‌కాగ్నిటోలోనూ ఇది మామూలే. క్రోమ్ సెట్టింగుల్లో 'థర్డ్ పార్టీ కుకీలు' దగ్గర ఆ ఒక్క బ్లాగుకే అనుమతివ్వండి, అన్ని సైట్లకూ తెరవకండి.

బ్లాగు నడిపేవాళ్లు తలచుకుంటే పాఠకులకు ఈ తిప్పలే ఉండవు. సెట్టింగుల్లో 'కామెంట్ లొకేషన్'ను 'ఎంబెడెడ్' నుంచి 'పాప్‌అప్ విండో'కు మారిస్తే పెట్టె తన సొంత పేజీలోనే తెరుచుకుంటుంది. తీరిక చేసుకుని నాలుగు మాటలు రాయబోయిన మనిషి విసుగొచ్చి వెళ్లిపోకుండా మనం చేయగలిగింది ఇదే. దయచేసి మార్చండి.

ఇంకో సంగతి. బ్లాగర్‌లో వ్యాఖ్యకు 4,096 క్యారెక్టర్ల హద్దుంది. గుణింతపు గుర్తులు, పొల్లు కూడా విడివిడిగా లెక్కకొస్తాయి. 'శ్రీ' కంటికి ఒక్క అక్షరమే, లెక్కలో మాత్రం శ, పొల్లు, ర, గుడిదీర్ఘం కలిపి నాలుగు. పెద్ద వ్యాఖ్యను నోట్‌ప్యాడ్‌లో రాసుకుని, అక్కడే దిద్దుకుని, రెండు ముక్కలుగా అతికించండి. పంపాక దిద్దడం కుదరదు. తొలగించి కొత్తగా పెట్టాల్సిందే.

ప్రశ్న: వర్డ్‌ప్రెస్‌లో టపాకు తెలుగు శీర్షిక పెడితే, వాట్సాప్‌లో పంపిన లంకె నిండా శాతం గుర్తులే కనిపిస్తున్నాయి. ఎందుకని?
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: చిరునామాలో ఒక్కో తెలుగు క్యారెక్టర్ మూడు బైట్లు, ఒక్కో బైటు శాతం గుర్తుతో కలిపి మూడు గుర్తులుగా మారుతుంది. అంటే మొత్తం తొమ్మిది. 'తెలుగు' అన్న చిన్న మాటే 54 గుర్తులు! చిరునామాలో శీర్షిక ఉండే భాగానికి వర్డ్‌ప్రెస్ ఇచ్చే చోటు 200 గుర్తులే కాబట్టి మూడు నాలుగు మాటలకే శీర్షిక తెగిపోతుంది.

బ్లాగర్‌లో ఇబ్బంది వేరు. తెలుగు శీర్షికను పక్కన పెట్టేసి లంకెకు 'బ్లాగ్-పోస్ట్' అన్న పేరే తగిలిస్తుంది. రెండింటికీ మందు ఒకటే. శీర్షిక తెలుగులోనే ఉంచి, ప్రచురించే ముందు 'పర్మాలింక్' (టపా చిరునామా) గడిలో ఇంగ్లిషు అక్షరాలతో రెండు మూడు మాటలు టైపు చేసి మధ్యలో చిన్న గీతలు పెట్టండి. బ్లాగర్‌లో ప్రచురించాక మార్చాలంటే టపాను మళ్లీ డ్రాఫ్టుకు తేవాలి, అప్పటికే పంచిన లంకెలు పనిచేయవు.

ప్రశ్న: వ్యాఖ్యలో 'బాగుంది' తప్ప ఏం రాయాలో తోచదు.
– ఒక పాఠకురాలు, డాలస్

జవాబు: చదువుతూ ఎక్కడ ఆగారో ఆ వాక్యాన్ని ఎత్తిచూపి, అక్కడ మీకేమనిపించిందో రాయండి. పులిహోర టపా కింద 'ఆవాలు వేయించి పొడి చేయమన్నారు. పచ్చివి నూరితే ఘాటు ఎక్కువ కదా, ఎంత తగ్గించమంటారు?' అని అడిగితే రాసినవాళ్లకు ప్రాణం లేచొస్తుంది, జవాబూ వస్తుంది. తప్పు కనబడితే ఏ వాక్యంలోనో, సరైనది ఏమిటో చెప్పండి చాలు.

ప్రతి వ్యాఖ్య చివరా మీ బ్లాగు లంకె తగిలించకండి, స్పామ్ కింద జమకట్టే అవకాశముంది. బ్లాగర్‌లో ప్రొఫైల్‌ను అందరికీ కనిపించేలా పెట్టుకుంటే, మీ పేరు మీద నొక్కినవాళ్లకు మీ బ్లాగు అక్కడే దొరుకుతుంది.