మా ఎకరం ఎటు పోయిందో చెప్పేవాళ్లే దొరకలేదు

ప్రభుత్వం మీద జనానికి నమ్మకం ఎందుకు తగ్గుతోంది, అవినీతి ఒక్కటేనా కారణం అని ఒకరు అడిగారు. అవినీతి ఉంది, కాదనను. కానీ మా ఇంట్లో నమ్మకం పోయింది లంచం వల్ల కాదు. జరిగిన తప్పు ఎవరు దిద్దాలో చెప్పే మనిషి దొరకక.

మాది తెలంగాణలో ఒక పల్లెటూరు. మా నాయనకు రెండెకరాల పది గుంటలు. 2017లో భూ రికార్డుల ప్రక్షాళన చేసి, 2018లో కొత్త పాసుపుస్తకాలు ఇచ్చారు కదా, అందులో ఎకరం పది గుంటలే పడింది. ఎవరూ కబ్జా చేయలేదు, గట్టు పంచాయితీ లేదు, అప్పుడూ ఇప్పుడూ దున్నుతున్నది మేమే. ఎక్కించేటప్పుడు జరిగిన పొరపాటు, అంతే. ఊరి రెవెన్యూ అధికారి వీఆర్వో ‘చేద్దాం లే’ అంటూ రెండేళ్లు తిప్పాడు. 2020 సెప్టెంబర్‌లో వీఆర్వో వ్యవస్థనే రద్దు చేశారు, అక్టోబర్ 29న భూ రికార్డులన్నీ ఆన్‌లైన్‌లో పెట్టే ధరణి పోర్టల్ మొదలైంది. లంచాల పీడ పోయిందని ఊరంతా సంతోషపడింది, నాయన కూడా.

తహసీల్దార్ ఆఫీసుకు వెళ్తే ‘మా చేతిలో ఏమీ లేదు, కలెక్టర్ లాగిన్‌లో ఉంటుంది, మీసేవలో పెట్టుకోండి’ అన్నారు. ఫీజు కట్టి పెడితే కొన్ని నెలలకు రిజెక్ట్ అని వచ్చింది, ఎందుకో లేదు. మళ్లీ పెట్టాం, మళ్లీ అదే. సోమవారం కలెక్టరేట్‌లో ఫిర్యాదులు తీసుకునే ప్రజావాణిలో అర్జీ ఇస్తే అది తిరిగి తిరిగి మా మండలానికే వచ్చింది. ఎరువు బస్తాతో కుట్టిన సంచిలో పాత పాసుపుస్తకం, పహాణీ (పొలం ఎవరిది, ఎవరు సాగు చేస్తున్నారో రాసే రికార్డు) నకళ్లు, తాత కట్టిన శిస్తు రసీదులు పెట్టుకుని నాయన ప్రతిసారీ నాతో వచ్చేవాడు. ఒక్కరూ ఆ సంచి విప్పమనలేదు. ‘సిస్టంలో చూపించట్లేదు పెద్దాయనా’ అనేవాళ్లు, కళ్లు స్క్రీన్ మీదే పెట్టి.

ఆ ఎకరానికి ప్రభుత్వం పెట్టుబడి సాయంగా ఇచ్చిన రైతుబంధు రాలేదు, పంట రుణమూ రాలేదు. కానీ డబ్బు కంటే నాయన్ని కుంగదీసింది ‘సిస్టంలో చూపించట్లేదు’ అన్న ఆ మాటే. సర్కారు కాయితం అంటే దేవుడి పటం పక్కన దాచుకునే మనిషి, ‘ఇక వాళ్లిచ్చే కాయితానికి విలువేముంది రా’ అన్నాడు.

నేను కింది ఉద్యోగులను తిట్టను, చాలామందికి నిజంగానే అధికారం లేదు. చట్టం అలా రాశారు. అంతకుముందు తహసీల్దార్ ఉత్తర్వు తప్పయితే ఆయన పై అధికారి ఆర్డీవోకు అప్పీలు చేసుకునేవాళ్లం. ధరణితో పాటు వచ్చిన 2020 భూ హక్కుల చట్టంలో, రెవెన్యూ అధికారులే భూమి గొడవలు తేల్చే రెవెన్యూ కోర్టులు తీసేశారు, సివిల్ కోర్టుకు పొమ్మన్నారు. ఎకరం కోసం లాయర్‌ని పెట్టుకుని ఏళ్ల తరబడి వాయిదాలకు తిరిగే స్తోమత ఏ రైతుకుంది? తప్పు చేసింది ప్రభుత్వం, ఖర్చు భరించేది రైతు, ఇది నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

మీకూ ఇలాంటిదే ఉంటే, ముందు సమాచార హక్కు చట్టం కింద మీ అప్లికేషన్ ఎందుకు తిరస్కరించారో అడగండి. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. క్షేత్రస్థాయి రిపోర్టు రాలేదని మాకు తెలిసింది అలాగే, అంటే మా పొలం ఎవరూ చూడకుండానే తీసిపారేశారు.

2025 ఏప్రిల్ 14న ధరణి స్థానంలో భూభారతి అనే కొత్త చట్టం, పోర్టల్ వచ్చాయి. ఇందులో ఆర్డీవోకు, కలెక్టర్‌కు అప్పీలు మళ్లీ పెట్టారు, ఇది మంచి పని. మా ఊళ్లో రెవెన్యూ సదస్సు పెట్టినప్పుడు వచ్చిన అధికారి, అమ్మాయి, నా కంటే చిన్నదే, ఆ సంచిలోవి నేల మీద పరిచి ఒక్కొక్కటీ చదివింది. ‘ఇది మా వాళ్ల పొరపాటే’ అంది. ఏడేళ్లలో ఆ మాట మొదటిసారి విన్నాం, నాయనకు కళ్లనీళ్లు తిరిగాయి.

కొన్ని నెలలకు ఎకరం ఎక్కింది. అయినా వారానికోసారి ఫోన్ నా చేతిలో పెట్టి ‘ఉందా, చూడు’ అంటాడు. పాత పహాణీలన్నీ మొన్ననే లామినేషన్ చేయించాడు.