దొర నోటికి సబ్బు రుద్దకు

హనుమకొండ

బిడ్డా,

నీ కథ వాట్సాప్‌లో వచ్చింది. ఫోన్‌లో అంత చిన్న అక్షరాలు నా కళ్ళకు ఆనవు. చౌరస్తా దగ్గర జిరాక్స్ షాపులో ప్రింట్ తీయించుకుని రెండుసార్లు చదివాను. జగిత్యాల దిక్కు గడీలో మీ తాత వెట్టి చేసిన రోజుల గురించి రాయాలనుకున్నావు, అదే సంతోషం. మోట లాగే ఎద్దు మెడ మీద పుండు గురించి నాలుగు వాక్యాలున్నాయి చూడు, అవి నేను రాసినవైతే ఎంత బాగుండు అనుకున్నా.

ఇక తిట్లకు వస్తా.

కథకు పైన ఒక డబ్బా గీసి, అందులో "ఏ కులాన్నీ, ఏ వర్గాన్నీ కించపరిచే ఉద్దేశం లేదు" అని రాశావు. కథ మొదలు కాకముందే దండం పెట్టేశావన్నమాట. సరే అని లోపలికి పోతే, అరుగు మీద కూర్చున్న దొర మీ తాతతో "ఏమయ్యా, ఇంత ఆలస్యమైందేం?" అంటాడు. మీ తాత "క్షమించండి, పిల్లవాడికి జ్వరం" అంటాడు. అది గడీనా, బ్యాంకా? "బాంచెన్ దొరా, కాల్మొక్త" ఏది? కన్నవాళ్ళు పెట్టిన పేరు పక్కకు నెట్టి కులం పేరుతో పిలిచిన ఆ పిలుపు ఏది?

ఫోన్ చేసి అడిగితే, "అట్లా రాస్తే పొలిటికల్లీ కరెక్ట్ కాదంటారు సార్, ఎవరినో నొప్పించానని ట్రోల్ చేస్తారు" అన్నావు. నీ టెన్షన్ గొంతులోనే తెలిసింది. అందుకే అప్పుడు వాదించలేదు.

దొర మాట తీసేస్తే ఎవరికి మేలు? మీ తాతకా? ఆయన ఆ మాట పడ్డాడు, పడి ఇంటికొచ్చి అన్నం తిన్నాడు. ఇప్పుడు నువ్వు చెరిపేసినంత మాత్రాన పడనట్టు కాదు కదా. మేలంతా దొరకే. యాభై ఏళ్ళ తర్వాత తన నోటిని వెట్టివాడి మనవరాలి చేత కడిగించుకుని, మర్యాదస్తుడై కూర్చున్నాడు నీ కథలో. 1978లో దొరల మీద రైతుకూలీలు చేసిన జగిత్యాల జైత్రయాత్రకు అంతమంది ఎందుకు కదిలారో నీ కథ చదివినవాళ్ళకు అర్థం కాదు. అంత మంచి దొర మీద కోపమెందుకు అనుకుంటారు.

అట్లాగని, మాటకు జాగ్రత్తే అక్కర్లేదు, నా ఇష్టం, అనే వాళ్ళలో నన్ను కలపకు. ఒకప్పుడు నేనూ వాళ్ళలోనే ఉన్నా. ముప్పై ఏళ్ళ కింద ఒక కథలో ఒక సామెత వాడాను. పాత్ర నోట కాదు, కథ చెప్పే నా నోటనే. ఒక చేతివృత్తి కులాన్ని వెక్కిరించే సామెత. మా ఇంట్లో రోజూ వినపడేదే, అందులో వెక్కిరింత ఉందన్న సోయి కూడా లేదు నాకు. అచ్చయిన పదిహేను రోజులకు పరకాల దిక్కు నుంచి ఒకాయన మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. చంకలో రెగ్జిన్ సంచి. మంచినీళ్ళిస్తే తాగాడు, చాయ్ వద్దన్నాడు. సంచిలోంచి నాలుగు మడతలు పెట్టిన కాగితం తీశాడు. నా కథలోని పేజీ అది, సామెత కింద ఎర్ర గీత.

"మా బిడ్డ ఎనిమిదో తరగతి సార్. కథ బాగుందని నేనే చదివి వినిపించమన్నా. ఇక్కడికొచ్చి ఆగిపోయి నా మొఖం దిక్కు చూసింది" అన్నాడు.

కోప్పడలేదు, సారీ చెప్పమనలేదు. కాసేపు కూర్చుని, బస్సుందని లేచాడు. సామెతే కదా అందామనుకున్నా గాని నోరు పెగల్లేదు. పుస్తకం వేసేటప్పుడు ఆ వాక్యం తీసేశా. తీస్తే కథకు వీసమంత లోటు రాలేదు. అది చూశాకే అసలు సిగ్గేసింది. ఉత్త పుణ్యానికి అన్న మాట అది.

నీ కథలో దొర మాట అట్లాంటిది కాదు. అది లేకపోతే కథ కూలిపోతుంది.

కలం ఆగిన ప్రతిసారీ నేను చేసే పని ఒకటుంది. ఈ మాటకు ఎవరు నొచ్చుకుంటారు అని నన్ను నేనే అడుగుతా. ఆ ఎర్ర గీత కాగితం పట్టుకున్న మనిషి లాంటి ముఖం కళ్ళ ముందుకొస్తే ఆగుతా, వాక్యం మళ్ళీ చూస్తా. ఏ ముఖమూ రాక, "ఎవరైనా ఏమైనా అంటారేమో" అని మాత్రమే అనిపిస్తే రాసుకుంటూ పోతా.

తమాషా ఏమిటంటే, దొర నోరు కడిగినదానివి నీ నోరు చూసుకోలేదు. మూడో పేజీలో "కుంటిసాకులు చెప్పి" అని నీ మాటగానే రాశావు. కాజీపేటలో నా దోస్తు ఒకడుండేవాడు, చిన్నప్పుడు పోలియో వచ్చింది. ఆ మాట వినపడితే "నా సాకులు నాకు ఇడిచిపెట్టుండ్రిరా" అని నవ్వేవాడు. 2015లో ప్రధానమంత్రి దివ్యాంగులు అనే మాట వాడాలని చెప్పినప్పుడు పేపర్ మడిచి, "పేరు మంచిగనే ఉంది, బస్సు మెట్టు ఎప్పుడు కిందికి దింపుతరట?" అన్నాడు. కొత్త పేరు వద్దనలేదు వాడు, పేరుతోనే సరిపెడతారేమోనని అనుమానం. నీ మూడో పేజీలో "వంకలు చెప్పి" అంటే సరిపోతుంది.

ఈ పొలిటికల్ కరెక్ట్‌నెస్ అన్న మాట అమెరికాది. మొదట అక్కడి వామపక్షం వాళ్ళే, తమలో మరీ పిడివాదం చేసేవాళ్ళను ఎకసెక్కం చేయడానికి వాడారు. 1991లో అధ్యక్షుడు బుష్ మిషిగన్ యూనివర్సిటీలో మాట్లాడుతూ, దీనివల్ల వాక్‌స్వేచ్ఛకే ముప్పని విమర్శించాడు. మాట అక్కడిదైనా సంగతి మనకు కొత్త కాదు. మన యాసను సినిమాల్లో రౌడీకీ, జోకర్‌కూ పెట్టినప్పుడు మనకు కాలలేదా? మా భాషను వెక్కిరించొద్దని మనం కొట్లాడలేదా? ఆ కొట్లాటలో నేనూ ఉన్నా. ఇప్పుడు ఇంకెవరో "మమ్మల్ని అట్లా అనొద్దు" అంటే, వీళ్ళకు అన్నీ మనోభావాలే అని నేనెట్లా విసుక్కోను? కాకపోతే మనం వెక్కిరించొద్దని ఊరుకోలేదు, అదే యాసలో కథలూ పాటలూ రాశాం.

ఇక భయం సంగతి. ఎవరికైనా చిరాకు కలిగించే పోస్టు పెట్టినా జైలుకు పంపే వీలున్న ఐటీ చట్టంలోని 66ఏ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015 మార్చి 24న కొట్టేసింది. కానీ అదే ఏడాది జనవరిలో తమిళనాడులో ఏం జరిగిందో చూడు. నామక్కల్‌లో అధికారులు పెట్టిన శాంతి సమావేశంలో తన నవల మీద క్షమాపణ చెప్పాల్సి వచ్చాక, పెరుమాళ్ మురుగన్ తనలోని రచయిత చచ్చిపోయాడని ఫేస్‌బుక్‌లో రాసుకున్నాడు. 2016 జులైలో మద్రాసు హైకోర్టు ఆయన పక్షాన తీర్పు ఇచ్చేదాకా ఆ మౌనం. ఆయనను ఆపింది కోర్టు కాదు, ఊరు. కాబట్టి నీ భయం ఉత్తదే అని నేననను. నిజామాబాద్ ఖిల్లా జైల్లో దాశరథి బొగ్గుముక్కతో గోడ మీద పద్యాలు రాశాడని క్లాసులో చెప్పేటప్పుడు నా గొంతు పెరిగేది, గుర్తుందా? ఆ ధైర్యం నీకూ ఉండాలని శాసించడానికి నేనెవరిని? నేనే చాలాసార్లు తగ్గాను. ఒక పత్రిక వాళ్ళు అడిగితే ఒక పాత్ర కులమే తీసేశా. ఆ కథను ఇప్పటికీ మళ్ళీ చదవను.

అయితే ఆ డబ్బా నిన్ను కాపాడదు. తిట్టదలచుకున్నవాడు డబ్బా చదివి ఆగడు.

డబ్బా తీసేయ్. ఎద్దు మెడ జోలికి పోకు. దొర మాట మాత్రం నీ ఊహతో రాయకు. మీ నాయనమ్మ ఉంది కదా, దసరాకు ఇంటికి పోయినప్పుడు పక్కన కూర్చుని, దొర తాతను ఏమని పిలిచేవాడో అడుగు. చెబితే ఉన్నదున్నట్టు రాయి. చెప్పనంటే, చెప్పనన్నదని రాయి.

మీ సార్