మొదటి రోజే వాళ్ల కథ అడగకు

చెల్లెమ్మా,

నీ ఉత్తరం అందింది. దేశం వదిలి శరణార్థులుగా కొత్తగా వచ్చినవాళ్ల కోసం వారం వారం కవిత్వం చదువుకునే కూటమి పెట్టబోతున్నావనీ, లైబ్రరీ వాళ్లు గది ఇస్తామన్నారనీ చదివి సంతోషం వేసింది. మొదటి రోజు అందరి చేతా "నా ప్రయాణం" అని ఒక కవిత రాయిస్తానన్నావు చూడు, ఆ ఒక్కటీ మానుకో.

ఆ గదికి వచ్చేవాళ్లలో చాలామంది తమ ప్రయాణాన్ని ఇప్పటికే చెప్పీ చెప్పీ అలిసిపోయి ఉంటారు. సరిహద్దు దగ్గర ఒకసారి, క్యాంపులో ఒకసారి, వకీలుకి ఒకసారి, ఇంటర్వ్యూ చేసే అధికారికి ఇంకోసారి. 1951 నాటి శరణార్థుల ఒప్పందం ప్రకారం జాతి, మతం, జాతీయత, ఫలానా సామాజిక వర్గానికి చెందడం, రాజకీయ అభిప్రాయం, ఈ ఐదింట్లో దేనివల్లనైనా తనకు హాని జరుగుతుందనే భయం ఉందనీ, ఆ భయం ఉత్తుత్తిది కాదనీ చూపించుకోవాలి. తేదీ తప్పితే అనుమానం. మొన్న చెప్పినదానికీ ఈరోజు చెప్పినదానికీ తేడా వస్తే అబద్ధమంటారు. పైగా ఇదంతా ముక్కూమొహం తెలియని దుబాసీ నోటితో చెప్పించుకోవాలి. నువ్వూ ఆ కుర్చీలో కూర్చుని వచ్చినదానివేగా, నీకు నేను చెప్పాలా! అన్నిసార్లు చెప్పాక ఆ కథ మనది కాకుండా పోతుంది, ఫైలుకి అతుక్కుపోతుంది. మళ్లీ నువ్వూ అదే అడిగితే, నీ గది కూడా వాళ్లకి ఇంకో ఆఫీసులాగే కనిపిస్తుంది.

మా కూటమిలో ఒకాయన రాసిన మొదటి కవిత నాకింకా గుర్తే. రాత్రి ఎన్నింటికి తలుపు కొట్టారు, ఎంతమంది వచ్చారు, బయట ఆగిన లారీ రంగేమిటి, అన్నీ వరసగా రాశాడు. ప్రతి లైనుకీ ఫుల్‌స్టాప్. చదివేసి, ఇంకేమైనా కాగితాలు చూపించాలా అన్నట్టు నా మొహంలోకి చూశాడు. తర్వాతి వారం కిటికీ గురించి ఏదైనా రాయమన్నాను. చలికి మసకబారిన అద్దం మీద కూతురు ఊపిరి వదలడం, వేలితో పిల్లి బొమ్మ గీయడం, పిల్లి తోక కారిపోతుంటే మళ్లీ మళ్లీ దిద్దడం రాశాడు. నాలుగే లైన్లు. చదువుతూ చదువుతూ తనే నవ్వేశాడు. ఆ రోజు నుంచీ ఆయన వెనక వరస కుర్చీ వదిలేసి ముందుకొచ్చి కూర్చోవడం మొదలుపెట్టాడు.

ఇది కొత్త సంగతేమీ కాదు. శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతంలో ఏంజెల్ ఐలాండ్ అని ఒక దీవి ఉంది. 1910 నుంచి 1940 దాకా అమెరికాకి వచ్చే వలసదారులను, ముఖ్యంగా చైనా వాళ్లను, అక్కడ ఆపి విచారించేవారు. 1882లో చైనా కూలీల రాకను నిషేధిస్తూ చట్టం చేశారు కదా, దాని పుణ్యం. మీ ఇంటికి ఎన్ని మెట్లు, ఊళ్లో ఇళ్లు ఎన్ని వరసలు, బావి ఎటువైపు అని గుచ్చి గుచ్చి అడిగేవారు. వచ్చినవాళ్లు తమ బంధువులని చెప్పుకున్నవాళ్లను కూడా విడిగా కూర్చోబెట్టి అవే ప్రశ్నలు వేసేవారు. జవాబులు కలవకపోతే వెనక్కి ఓడ ఎక్కించేవారు. విచారణ అయ్యేదాకా వారాలూ నెలలూ అక్కడే పడి ఉండాలి. అలా ఉన్నవాళ్లు పడకల గది చెక్క గోడల మీద కవితలు చెక్కారు. అధికారులు వాటిని పుట్టీతో పూడ్చి రంగులు వేయించారు. 1970లో ఆ కట్టడాన్ని పడగొట్టబోతున్న సమయంలో ఒక పార్కు ఉద్యోగి కంట పడి బతికిపోయాయి. 200కు పైగా కవితలు బయటపడ్డాయి, చాలావాటి కింద పేరు లేదు. అధికారి అడిగిన మెట్ల లెక్కకీ, గోడ మీద చెక్కినదానికీ ఎంత దూరమో చూడు. ఆ గోడ దగ్గర ఎవరూ ఏమీ అడగలేదు, ఎవరి నోటికి వచ్చింది వాళ్లు రాసుకున్నారు. నీ గది కూడా ఆ గోడలా ఉండాలి.

మరి ఏం రాయించాలంటావా? చిన్నవి అడుగు. ఈ వారం బస్సులో చెవిన పడ్డ మాట. కోపం వస్తే అమ్మ ఎలా పిలిచేది. చీకట్లో కూడా చేతులు చేసేయగల పని. "మాతృభూమి", "స్వేచ్ఛ" లాంటి పెద్ద మాటలు బోర్డు మీద రాశావనుకో, అందరూ బిగుసుకుపోయి ఉపన్యాసాలు రాస్తారు. చిన్నదాని గురించి రాస్తూ రాస్తూ ఎవరైనా తమంతట తాము ఆ రాత్రి దగ్గరికి వెళితే వెళ్లనీ, మధ్యలో ఆపకు. అయిపోయాక చప్పట్లు వద్దు. వాళ్లకంటే ఎక్కువ నువ్వు ఏడవకు. మనం కవులం, డాక్టర్లం కాదు. ఉచితంగా చూసే కౌన్సెలర్ నంబరు ముందే సంపాదించి నోటుబుక్కులో రాసి పెట్టుకో, అవసరం పడుతుంది.

చదవడం గురించి కూడా చెప్పాలి. ఎవరి భాషలో రాసింది వాళ్ల భాషలోనే ముందు మొత్తం చదివించు. అనువాదం తర్వాత. గదిలో ఆ ఊరివాళ్లు కూడా ఉండాలి, ఉండి తీరాలి. ఎందుకంటే ఆ రెండు నిమిషాలూ అర్థంకాక దిక్కులు చూసేది వాళ్లవుతారు. రోజంతా కౌంటర్ల ముందు మనవాళ్లు పడే అవస్థ వాళ్లకి కొద్దిగా తెలిసొస్తుంది. వాళ్లచేత కూడా రాయించు. ఊరికే కూర్చుని జాలిగా వినేవాళ్లు ఇద్దరు ముగ్గురు ఉంటే చాలు, గది మొత్తం మ్యూజియం అయిపోతుంది.

ఇంకో పని తప్పకుండా చేయించు, నాకు అన్నిటికంటే నచ్చినది ఇదే. ఆ ఊరి కవుల కవితలను మీవాళ్లచేత సొంత భాషల్లోకి అనువాదం చేయించు. జర్మన్ యూదు కవయిత్రి నెల్లీ సాక్స్ 1940లో నాజీల నుంచి తప్పించుకుని ముసలి తల్లితో స్వీడన్ చేరింది. అక్కడ స్వీడిష్ కవులను జర్మన్‌లోకి అనువదిస్తూ పొట్టపోసుకుంది. సొంత కవిత్వం జర్మన్‌లోనే రాసుకుంది, 1966లో నోబెల్ కూడా వచ్చింది. భాష రాకముందే ఆ దేశపు కవిత్వం లోపలికి దిగడానికి ఇంతకంటే దగ్గరి దారి నాకు కనిపించలేదు. అనువాదం చేసేటప్పుడు సందేహాలు వస్తాయి, పక్కనున్న స్థానికుడిని అడుగుతారు. ఆయన తడుముకుంటాడు. చిన్నప్పటి నుంచీ స్కూల్లో అప్పజెప్పిన పద్యానికి సరిగ్గా అర్థం చెప్పలేకపోతున్నానే అని తల గోక్కుంటాడు. ఇక ఇద్దరూ ఒకే కాగితం మీదికి వంగుతారు. ఎవరు ఎవరికి సాయం చేస్తున్నారో అక్కడ తేలదు.

రాయడం, చదవడం రానివాళ్లు వస్తే వెనక్కి పంపకు. ఫోన్‌లో వాయిస్ రికార్డు చేసి పంపమను, ఎవరో ఒకరు కాగితం మీద పెడతారు. ఫోన్‌ని తక్కువ చూడకు. కుర్దు రచయిత బెహ్రూజ్ బూచానీ ఆస్ట్రేలియా వాళ్లు పాపువా న్యూగినీలోని మానస్ దీవిలో నిర్బంధించినప్పుడు ఒక పుస్తకం మొత్తం ఫార్సీలో ఫోన్ మెసేజ్‌లుగా పంపాడు. 2019లో దానికి విక్టోరియా రాష్ట్ర సాహిత్య బహుమతి వచ్చింది. అందుకోవడానికి ఆస్ట్రేలియాలో అడుగుపెట్టే వీలు మాత్రం అప్పట్లో ఆయనకి లేకపోయింది.

జాగ్రత్తలు కొన్ని. ఒకే దేశం నుంచి వచ్చారు కదా అని ఇద్దరిని పక్కపక్కన కూర్చోబెట్టకు. ఒకరు ఎవరినుంచి పారిపోయి వచ్చారో రెండోవాళ్లు ఆ పక్షం వాళ్లే కావచ్చు. ఎక్కడ కూర్చోవాలో వాళ్లనే ఎంచుకోనీ. పిల్లల్ని దుబాసీలుగా వాడకు, అమ్మానాన్నల నోట వినకూడనివి వాళ్లచేత పలికించడం పాపం. ఫోటోలు వద్దని మొదటి రోజే చెప్పు.

పుస్తకం వేద్దామని అందరూ ఉత్సాహపడతారు, అప్పుడు మాత్రం నువ్వు గట్టిగా ఉండాలి. కేసు ఇంకా నడుస్తున్నవాళ్ల కవితలో తేదీ గానీ, ఊరు గానీ, బంధువు పేరు గానీ ఉంటే వకీలుకి చూపించకుండా అచ్చుకి ఇవ్వకు. కవితలో ప్రాస కోసం ఇద్దరన్నలు ముగ్గురయితే మనకి నష్టం లేదు, ఫైలులో మాత్రం అది తేడాగానే కనిపిస్తుంది. వెనక ఉండిపోయినవాళ్లకి ముప్పు రావచ్చు కూడా. పేరు వేయాలా, మారుపేరా, అసలు వద్దా అని ఒక్కొక్కరిని విడిగా అడుగు. ప్రెస్‌కి వెళ్లే ముందురోజు మళ్లీ అడుగు. వద్దన్నవాళ్లని ఎందుకని అడగకు.

అచ్చయిన కాపీలను సాహిత్య సభల్లో మనలో మనమే పంచుకుని మురిసిపోవద్దు. సోవియట్ ప్రభుత్వం 1972లో దేశం నుంచి వెళ్లగొట్టిన రష్యన్ కవి బ్రాడ్‌స్కీ 1991లో అమెరికా ఆస్థానకవి అయ్యాడు. కవిత్వం హోటల్ గదుల్లో, సూపర్ మార్కెట్లలో దొరకాలని పట్టుబట్టిన మనిషి ఆయన. మీరూ ఆసుపత్రిలో, బస్ స్టేషన్లో, బట్టలుతికే దుకాణాల్లో పెట్టండి. జనం ఊరికే కూర్చుని ఎదురుచూసేచోట ఒక పేజీ అయినా తిరగేస్తారు.

మొదట్లో గది నిండుతుంది, తర్వాత పలచబడుతుంది. టెన్షన్ పడకు. ఉద్యోగం దొరికి షిఫ్టులు మారినవాళ్లు రారు, పిల్లల పరీక్షలప్పుడు తల్లులు రారు. వచ్చేవాళ్లకి ఏ వేళ కుదురుతుందో వాళ్లనే అడిగి టైము పెట్టు, లైబ్రరీ వాళ్ల సౌకర్యం రెండోది. హాజరు పట్టీ పెట్టావో, మళ్లీ ఆఫీసు గుర్తొస్తుంది. నిధులిచ్చేవాళ్లు లెక్క అడిగితే తలలు లెక్కపెట్టి చెప్పు, పేర్లు ఇవ్వకు.

ఆఖరున నీ సంగతి. జూన్ 20 ప్రపంచ శరణార్థుల దినం దగ్గరపడితే నీకు పిలుపులు మొదలవుతాయి. పడవ గురించి, మంటల గురించి ఒక కవిత చదివి ఐదు నిమిషాల్లో దిగిపొమ్మంటారు. డబ్బు మాటెత్తితే "మంచి పని కోసం కదండీ" అంటారు. పక్కన గిటారు వాయించేవాడికి ఎంత ఇస్తున్నారో కనుక్కుని అంతే అడుగు, సిగ్గుపడకు. ఏం చదవాలో కూడా నువ్వే తేల్చుకో. పంటినొప్పి మీద ఆ మధ్య నాకు ఒక కవిత పంపావు కదా, మా ఇంట్లో అందరూ పొట్టచెక్కలయ్యేలా నవ్వారు. ఈసారి వాళ్లకి అదే చదివి వినిపించు. గది తాళాలు చేతికి వచ్చాక, మొదటి వారం ఏ కవిత చదవాలనుకుంటున్నావో రాయి, నా దగ్గర చిన్నవి కొన్ని ఉన్నాయి, పంపిస్తాను.

ఉంటాను,
మీ పెద్దక్క