నెత్తి దురద, పెచ్చులు, పలచబడే పాపిట: ఈ మూడింటికీ సంబంధం ఉందా?

నెత్తి ఎర్రబడి దురద పెడుతోంది, పెచ్చులు ఊడుతున్నాయి, పాపిట కూడా వెడల్పవుతోంది, ఇదంతా ఒకటేనా, పోయిన జుట్టు మళ్లీ వస్తుందా అని అడిగారు. మాది అనంతపురం. ఈ బాధ నాకూ చాలా ఏళ్లుగా ఉంది. నేను డాక్టర్ని కాను. నాకు జరిగింది, చర్మ డాక్టరు చెప్పింది, తర్వాత చదివి తెలుసుకున్నది రాస్తున్నాను.

సంబంధం ఉంది. అయితే నెత్తి చర్మం ఎర్రబడి వాచడం (డాక్టర్లు ఇన్‌ఫ్లమేషన్ అంటారు, ఇక్కడ నేను వాపు అన్నది దాన్నే) వల్ల రాలే జుట్టు వేరు, పాపిట వెడల్పు కావడం వేరు. నాకు రెండూ కలిసి ఉన్నాయి. మీరు రాసింది చూస్తే మీకూ అలాగే ఉందేమో అనిపిస్తోంది.

నాకున్నదాన్ని సెబోరిక్ డెర్మటైటిస్ అన్నారు. చుండ్రుకు అక్క వరస అనుకోండి. మలాసీజియా అనే ఈస్టు, అంటే కంటికి కనబడని ఒక రకం ఫంగస్, అందరి నెత్తి మీదా ఉంటుంది. చర్మం నుంచి ఊరే జిడ్డే దాని తిండి. ఆ జిడ్డును అది విరగ్గొట్టినప్పుడు వచ్చే ఫ్యాటీ ఆమ్లాలు కొందరికి పడవు. చర్మం ఎర్రబడుతుంది, దురద పెడుతుంది, పసుపుపచ్చ జిడ్డు పెచ్చులు కడుతుంది. కనుబొమల్లో, ముక్కు పక్కన, చెవుల వెనక కూడా ఇలాగే ఉంటే దాదాపు ఇదే. ఇది శుభ్రత లేక వచ్చేది కాదు, ఒకరి దువ్వెన నుంచి ఇంకొకరికి అంటుకునేదీ కాదు.

మన ఇళ్లలో దురద అనగానే వచ్చే మాట మీకు తెలిసిందే: "వేడి చేసిందిలే, ఇంత ఆముదం పెట్టుకో." డాక్టరు మొదట మాన్పించింది దాన్నే. నూనె పెడితే పెచ్చులు మెత్తబడి ఆ పూటకు హాయిగా ఉంటుంది, కానీ రాత్రంతా ఉంచితే ఆ ఈస్టుకు మనమే విందు పెట్టినట్టు. మా అమ్మకు ఇది అస్సలు మింగుడు పడలేదు. ఎండలు నలభై దాటే ఊళ్లో ఎండు తలతో తిరగడమా అని ఇప్పటికీ అంటుంది. ఆమె మాట కాదనలేక జడ కొసలకు మాత్రం కాస్త కొబ్బరి నూనె రాస్తాను, కుదుళ్లకు తగలనివ్వను. నిమ్మరసం, ఉల్లిపాయ రసం జోలికి మాత్రం వెళ్లకండి. పచ్చిగా ఉన్న చర్మం మీద అవి భగ్గుమంటాయి.

నాకు పనిచేసింది ఆ ఈస్టును తగ్గించే 2 శాతం కీటోకోనజోల్ మందు షాంపూ. మామూలుగా వారానికి రెండుసార్లు, రెండు నుంచి నాలుగు వారాలు వాడమంటారు. తగ్గాక వారానికో, రెండు వారాలకో ఒకసారి సరిపోతుంది. చాలామంది చేసే పొరపాటు, దీన్ని మామూలు షాంపూలా రుద్ది వెంటనే కడిగేయడం. వేళ్లతో పాయలు తీసి నెత్తి చర్మానికి పట్టించి, మూడు నుంచి ఐదు నిమిషాలు ఉంచాలి. ఇది పడకపోతే జింక్ పైరిథియోన్, సెలీనియం సల్ఫైడ్ ఉన్నవి ఉన్నాయి. వాపు ఎక్కువగా ఉంటే కొద్ది రోజులకు స్టెరాయిడ్ లోషన్ రాస్తారు. అది డాక్టరు చెప్పినన్ని రోజులే. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకుని నెలల తరబడి పూస్తే చర్మం పలచబడుతుంది, మానగానే మంట తిరగబెడుతుంది. మన దగ్గర ఈ అలవాటు చాలా ఎక్కువ, నాకు దీని మీదే కోపం.

ఒకటి ముందే తెలిసి ఉండాలి: ఇది పూర్తిగా పోయే జబ్బు కాదు, అదుపులో ఉంటుంది. నాకు చలికాలంలోనూ, నిద్ర సరిగా లేక టెన్షన్ పడ్డ రోజుల్లోనూ తిరిగి వస్తుంది.

ఇక జుట్టు. ఒక్కో వెంట్రుక రెండు నుంచి ఆరేళ్లు పెరిగి, తర్వాత సుమారు మూడు నెలలు విశ్రాంతిలో ఉండి రాలిపోతుంది. అందుకే రోజుకు యాభై నుంచి వంద వెంట్రుకలు రాలడం మామూలే. నెత్తి వాచినప్పుడు కొన్ని కుదుళ్లు గడువుకు ముందే విశ్రాంతిలోకి పోతాయి. గోకడం వల్ల కొన్ని మధ్యలో తెగుతాయి. కుదురు చావదు కాబట్టి వాపు తగ్గాక ఇలా పోయిన జుట్టు తిరిగి వస్తుంది. చిక్కు ఎక్కడంటే, విశ్రాంతిలోకి పోయినవి రెండు మూడు నెలల తర్వాత గానీ రాలవు. నెత్తి చల్లబడింది, జుట్టు మాత్రం ఇంకా దువ్వెన నిండా వస్తోంది. మందు షాంపూ వల్లే ఊడుతోందని చాలామంది సరిగ్గా అప్పుడే మానేస్తారు. డెంగీ లాంటి జ్వరం తర్వాత, కాన్పు తర్వాత రాలేది కూడా ఇలాగే ఆలస్యంగా రాలుతుంది. ఈ మధ్య అలాంటిదేమైనా జరిగిందేమో గుర్తు చేసుకోండి.

పాపిట వెడల్పు కావడం చాలాసార్లు వంశంలో వచ్చేది. అక్కడ కుదుళ్లు సన్నబడుతూ పోతాయి. అలాంటి కుదుళ్ల చుట్టూ కొద్దిపాటి వాపు కూడా కనబడుతుందని పరీక్షల్లో తేలింది, అందుకే నెత్తి మంట దాన్ని తొందర పెడుతుందని కొందరు డాక్టర్లు అంటారు. కానీ చుండ్రు తగ్గినంత మాత్రాన పాపిట మళ్లీ నిండదు. దానికి జుట్టు పెరగడానికి నెత్తికి రాసే మినాక్సిడిల్ అనే మందు విడిగా వాడాలి. నా మాట వింటే, నెత్తి కుదుటపడ్డాకే మొదలుపెట్టండి. ద్రవరూపంలో దొరికే మినాక్సిడిల్‌లో సాధారణంగా మందును కరిగించే ప్రొపిలీన్ గ్లైకాల్ అనే ద్రవం ఉంటుంది, అది మండుతున్న చర్మాన్ని ఇంకా మండిస్తుంది. నాకు నురగలా వచ్చే ఫోమ్ పడింది. మొదటి వారాల్లో ఇంకొంచెం రాలుతుంది, ఫలితం తెలియడానికి నాలుగైదు నెలలైనా పడుతుంది. గర్భం కోసం చూస్తున్నా, పాలిస్తున్నా డాక్టరును అడగకుండా ముట్టుకోవద్దు.

బోరు నీళ్ల సంగతి. మా వీధిలో జుట్టు ఊడిన ప్రతి ఒక్కరూ వాటినే తిడతారు. ఉప్పు నీళ్లకు షాంపూ నురగ రాదు, జుట్టు బిరుసెక్కుతుంది, నిజమే. కానీ నెత్తి వాపుకు, పాపిటకు అది కారణమని నేను నమ్మను. షవర్‌కు పెట్టే ఖరీదైన ఫిల్టర్ల డబ్బుతో హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ), థైరాయిడ్ పరీక్షలు చేయించుకోవడం మేలు. జుట్టు కోసమని వేసుకునే బయోటిన్ విటమిన్ మాత్రలు వాడుతుంటే పరీక్షకు ముందే చెప్పండి, థైరాయిడ్ ఫలితం తప్పుగా చూపించవచ్చు. తిరుమలలో గుండు చేయిస్తే ఒత్తుగా వస్తుందనేది కూడా వదిలేయండి. మొక్కు ఉంటే ఇవ్వండి, కుదుళ్ల సంఖ్య మాత్రం మారదు.

జుట్టు పోయినచోట చర్మం నున్నగా మెరుస్తూ, వెంట్రుక మొలిచే రంధ్రాలే కనబడకపోతే, చీము పొక్కులు, నొప్పి ఉంటే ఆలస్యం చేయొద్దు. మచ్చ కట్టే జబ్బుల్లో కుదురు శాశ్వతంగా పోతుంది. దట్టమైన తెల్లటి పొలుసులు నుదుటి మీదకు దిగి, మోచేతుల మీద కూడా ఉంటే సోరియాసిస్ కావచ్చు. రంగు వేసిన ఒకట్రెండు రోజుల్లో దురద మొదలైతే హెయిర్ డైని అనుమానించండి. చిన్నపిల్లల తలలో గుండ్రంగా జుట్టు తెగిపోతుంటే అది తామర కావచ్చు, తామరైతే నోటి మందులు కావాలి.

ఇక్కడి సర్వజన ఆసుపత్రిలో చర్మవ్యాధుల ఓపీ ఉంది, ప్రైవేటుకే వెళ్లాలని లేదు. వెళ్లే ముందు రోజు నూనె, రంగు పెట్టుకోకండి, పెచ్చులు ఉన్నవి ఉన్నట్టు కనబడాలి. ఇప్పటిదాకా పూసిన క్రీముల ట్యూబులన్నీ సంచిలో వేసుకుని వెళ్లండి, పేర్లు గుర్తుండవు.