ఇన్‌స్టలేషన్ ఆర్ట్‌కి డబ్బులెవరిస్తారు?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ రెండో సంవత్సరం. కొచ్చి బియనాలే (రెండేళ్లకోసారి జరిగే పెద్ద ఆర్ట్ ప్రదర్శన) చూసొచ్చినప్పటి నుంచి ఇంజనీరింగ్ వద్దు, వెలుతురుతో, గదులతో, జనం లోపలికి నడిచి చూసే ఇన్‌స్టలేషన్లు చేస్తానంటోంది. బొమ్మలు వేసి అమ్ముకోవడమంటే అర్థమవుతుంది. దీనికి డబ్బులెవరిస్తారు? టెన్షన్‌గా ఉంది.
- ఒక తండ్రి, విజయవాడ

జవాబు: అడగాల్సిన ప్రశ్నే అడిగారండీ. ఇన్‌స్టలేషన్‌ని ఇంట్లో గోడకి తగిలించుకునేవాళ్లు తక్కువ. మ్యూజియంలు, బియనాలేలు, ఫౌండేషన్లు, ఒక్కోసారి పెద్ద కంపెనీలు పని అప్పగించి ఖర్చు పెట్టుకుంటాయి. ఆ స్థాయికి చేరడానికి ఏళ్లు పడుతుంది. ఈలోగా ఇల్లెలా గడుస్తుందన్నదే అసలు విషయం.

ఇన్‌స్టలేషన్ ఆర్టిస్ట్ ఓలాఫర్ ఎలియాసన్ 2003లో లండన్ మ్యూజియం టేట్ మోడర్న్‌లో ఒక సూర్యుణ్ని చూపించాడు. అక్కడున్నది పసుపు దీపాల అర్ధవృత్తమే. పైకప్పుకి పరిచిన అద్దంలో మిగతా సగం కనిపించి సూర్యుడు గుండ్రంగా పూర్తయ్యాడు. హాలంతా పల్చటి పొగమంచు. జనం నేలమీద వెల్లకిలా పడుకుని, పైన అద్దంలో తాము ఎక్కడున్నామా అని వెతుక్కున్నారు. ఇది ఒక్కడు చేసే పని కాదు. బెర్లిన్‌లోని ఆయన స్టూడియోలో ఆర్కిటెక్టులు, టెక్నీషియన్లు, చేతిపనివాళ్లు కలిసి పనిచేస్తారు. మీ అమ్మాయికి మొదటి జీతం అలాంటి పనుల్లోనే దొరుకుతుంది: ఎగ్జిబిషన్ డిజైన్, మ్యూజియం డిస్‌ప్లే, లైటింగ్. హైదరాబాద్‌లో సినిమా ఆర్ట్ డిపార్ట్‌మెంట్లూ ఉన్నాయి, కానీ షూటింగ్ టైమింగ్స్‌లో సొంత పనికి తీరిక దొరకడం కష్టం.

ఎంపీసీ వృథా పోదు, ఈ పనికి సైన్స్ అక్కరకొస్తుంది. వెలుతురుతోనే గదులు కట్టే అమెరికన్ ఆర్టిస్ట్ జేమ్స్ టరెల్ డిగ్రీలో చదివింది మనిషి కన్ను, మెదడు ఎలా గ్రహిస్తాయో చెప్పే సైకాలజీ.

కోర్సుల్లో నా ఓటు ఫైన్ ఆర్ట్స్ డిగ్రీలో (బీఎఫ్ఏ; బరోడాలో బీవీఏ అంటారు) శిల్పానికే. బరువు, మెటీరియల్, వెల్డింగ్ చేతికి అలవాటవుతాయి. హైదరాబాద్ జేఎన్ఏఎఫ్ఏయూ (జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ), బరోడా ఎంఎస్ యూనివర్సిటీ చూడండి. ఉద్యోగ భరోసా ఎక్కువ కావాలంటే ఎన్ఐడీ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్) ప్రవేశ పరీక్ష కూడా రాయించండి.

ఈ సెలవుల్లో ఇంట్లో ఒక గది ఆమెకి వదిలేయండి. ఒక బల్బు, బటర్ పేపర్, దారం చాలు. పదిమందిని ఒక్కొక్కరుగా లోపలికి పంపి, ఎవరు ఎక్కడ ఆగారో, ఎటు చూశారో రాసుకోమనండి. వాళ్లు పట్టించుకోకపోతే అంతా విప్పి మళ్లీ కట్టే ఓపిక ఆమెకి ఉందో లేదో మీకే తెలుస్తుంది. ఫొటోలు, నోట్సు దాచండి, పోర్ట్‌ఫోలియోలో పెట్టుకోవచ్చు.