వైఫై మార్చడానికి అడ్మిన్ పాస్‌వర్డ్ ఇచ్చేయాలా?

ప్రశ్న: నమస్తే సార్, గాజువాకలో ట్యూషన్ సెంటర్ నడుపుతున్నాం, సిస్టమ్స్ అన్నిట్లో ఉబుంటు 24.04 (లైనక్స్‌లో ఒక రకం). పిల్లలు మా వైఫై వదిలేసి వాళ్ల ఫోన్ హాట్‌స్పాట్ పెట్టేసుకుంటున్నారు, ఇంకోపక్క సాయంత్రం మేడమ్ గారు వైఫై కొత్త పాస్‌వర్డ్ ఎక్కించబోతే అడ్మిన్ పాస్‌వర్డ్ అడుగుతోందట, ప్రతిసారీ నాకు ఫోన్. ఆవిడకి అడ్మిన్ ఇచ్చేయమంటారా?

జవాబు: వద్దండీ, అస్సలు వద్దు. వైఫై కోసం అడ్మిన్ ఇస్తే సిస్టమ్ మొత్తం ఇచ్చేసినట్టే, అంత అవసరం లేదు. లైనక్స్‌లో నెట్ సంగతి చూసేది నెట్‌వర్క్ మేనేజర్, ఎవరు ఏం చెయ్యొచ్చో అది పర్మిషన్లు చూసే పోల్‌కిట్‌ని అడుగుతుంది. సేవ్ అయి ఉన్న వైఫైకి కనెక్ట్ అవడం ఒక పర్మిషన్, కొత్తది సేవ్ చెయ్యడం, ఉన్నదాన్ని మార్చడం వేరే పర్మిషన్. మీకు కావాల్సింది ఈ రెండోదే.

మేడమ్ గారి అకౌంట్‌ని నెట్ సెట్టింగ్స్ మార్చే పర్మిషన్ ఉన్న నెట్‌డెవ్ గ్రూపులో కలపండి, టెర్మినల్‌లో సుడో అడ్‌యూజర్ కమాండ్‌కి ఆవిడ యూజర్‌నేమ్, నెట్‌డెవ్ అని ఇస్తే సరిపోద్ది. లాగౌట్ అయి మళ్లీ లాగిన్ అవ్వాలి, అది మర్చిపోయి పని చెయ్యట్లేదు అనుకుంటారు చాలామంది.

ఇక పిల్లల హాట్‌స్పాట్ ఆపడానికి, వాళ్లకి ఒక గ్రూపు పెట్టి, ఈటీసీలోని పోల్‌కిట్-1 ఫోల్డర్‌లో రూల్స్ డాట్ డీ లోపల 10తో మొదలయ్యే పేరుతో ఒక రూల్స్ ఫైల్ రాయండి, ఆ గ్రూపు వాళ్లు మోడిఫై డాట్ సిస్టమ్ (అందరికీ వర్తించే కనెక్షన్లు మార్చడం), మోడిఫై డాట్ ఓన్ (తమ అకౌంట్ కనెక్షన్లు మార్చడం) అడిగితే రెండిటికీ నో. మొదటిది ఒక్కటే ఆపితే తమ అకౌంట్ వరకూ హాట్‌స్పాట్ సేవ్ చేసుకుంటారు, అందుకే రెండూ ఆపాలి. ఇప్పటికే సేవ్ అయిన హాట్‌స్పాట్‌లు ముందు డిలీట్ చెయ్యండి, లేకపోతే వాటికి కనెక్ట్ అవుతూనే ఉంటారు. మీ సెంటర్ వైఫైకి మాత్రం మిగతా యూజర్లకీ అందుబాటులో ఉంచే టిక్ ఉండాలి. ఈ రూల్ ఉంటే సెట్టింగ్స్‌లోంచి మీ వైఫై పాస్‌వర్డ్ కూడా పిల్లలకి కనపడదు, నాకైతే ఇదే పెద్ద లాభం అనిపిస్తుంది.

పాత 22.04 సిస్టమ్ ఏదైనా ఉంటే దాంట్లో పోల్‌కిట్ 0.105, ఈ రకం రూల్స్ చదవదు, పాత పద్ధతి రూల్స్ ఫైల్ అయిన పీకేఎల్‌ఏ రాయాలి.

ఇక యూఎస్‌బీ టెథరింగ్, ఫోన్ కేబుల్‌తో పెట్టగానే దానంతటదే కనెక్ట్ అయిపోద్ది, దానికి నెట్‌వర్క్ మేనేజర్ కాన్ఫ్ ఫైల్లో మెయిన్ కింద నో-ఆటో-డిఫాల్ట్ ఈక్వల్స్ స్టార్ అని పెట్టి రీస్టార్ట్ చెయ్యండి. అన్నీ అయ్యాక పిల్లల లాగిన్‌లో టెర్మినల్‌లో ఎన్ఎంసీఎల్ఐ జనరల్ పర్మిషన్స్ అనే కమాండ్ కొట్టి చూడండి, ఆ రెండు మోడిఫై లైన్ల పక్కన నో అని రావాలి, ఆథ్ అనో ఎస్ అనో వస్తే మీ రూల్ ఫైల్ పేరులోనో గ్రూపు పేరులోనో తప్పుంది.