యాజకుని ఉదయపు మొదటి పని బూడిద ఎత్తడం

"క్రీస్తే మన ప్రధానయాజకుడైనప్పుడు, లేవీయకాండములోని యాజకుల నియమాల నుండి ఆరాధన గురించి, పరిచర్య గురించి మనం నేర్చుకునేది ఏముంది?" అని మీరు అడిగారు. ఆరాధన వేరు, పరిచర్య వేరు అని నేను పెట్టుకున్న గీతను నా జీవితంలో చెరిపివేసినవి ఆ నియమాలే కాబట్టి, నా అనుభవం నుండే జవాబు చెబుతాను.

కొన్నేళ్ల క్రితం మా సంఘంలో నన్ను పాటల బృందం నుండి తప్పించి, ఆదివారం తెల్లవారుజామున చాపలు పరిచే పని, బల్లారాధన (రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ప్రభురాత్రి భోజనం) ముగిశాక చిన్న గిన్నెలు కడిగే పని అప్పగించారు. ఆ పని మానలేదు గానీ, లోలోపల నొచ్చుకుంటూనే చేశాను. ముందు నిలబడి పాడేటప్పుడు దేవుని సన్నిధిలో ఉన్నాననిపించేది. కుళాయి దగ్గర కూర్చుని గిన్నెల అడుగున ఎండిన ద్రాక్షరసపు మరకలను వేలితో తోముతుంటే, ఆరాధనకు బయట మిగిలిపోయాననిపించేది.

ఆ రోజుల్లోనే లేవీయకాండము 6వ అధ్యాయం చదివాను. రాత్రంతా బలిపీఠం మీద కాలిన దహనబలి బూడిదను ఉదయాన్నే యాజకుడు ఎత్తి పీఠం పక్కన పోయాలి. ఆ పనికి అతడు వేసుకోవలసినవి పాత బట్టలు కావు, పరిశుద్ధ సేవకు నియమించిన నారబట్టలు. ఆ తరువాతనే వేరే బట్టలు కట్టుకుని, ఆ బూడిదను పాళెం వెలుపల పవిత్రమైన చోటికి మోసుకుపోవాలి. కట్టెల పొయ్యి మీద వండినవారికి ఇందులోని సంగతి వెంటనే తెలుస్తుంది: నిన్నటి బూడిద తీయకపోతే గాలి ఆడదు, కొత్త కట్టె సరిగా అంటుకోదు. అగ్ని ఆరిపోకూడదన్న ఆజ్ఞ, బూడిద తీయాలన్న ఆజ్ఞ పక్కపక్కనే ఉండడానికి కారణం అదేనని నేను అనుకుంటాను.

యెరూషలేములోని రెండవ దేవాలయపు రోజుల్లో ఈ పని కోసం యాజకులు పోటీపడేవారని యూదుల మౌఖిక ధర్మ సంప్రదాయాలను కూర్చిన మిష్నా గ్రంథం చెబుతోంది. పీఠం ఎక్కే వాలుదారి మీద పరుగెత్తి, ముందు చేరినవాడు బూడిద తీసేవాడట. ఒకసారి తోపులాటలో ఒక యాజకుని కాలు విరగడంతో, అప్పటి నుండి చీట్లు వేయడం మొదలుపెట్టారు. నేను చిన్నతనంగా భావించిన పనిలాంటిదాని కోసం మొదటి ప్రధానయాజకుడైన అహరోను వంశస్థులు పరుగెత్తారన్న మాట నన్ను చాలా రోజులు వదలలేదు. పొలంలో పడే శ్రమకు, ఇశ్రాయేలీయుల ఆరాధనా స్థలమైన గుడారపు పనికి, దేవుని ఆరాధనకు హెబ్రీ భాషలో 'అవోదా' అనే ఒకే మాట ఉందని తెలిసినది కూడా అప్పుడే.

ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి. అహరోను గౌరవాన్నంతా తెచ్చి నేటి కాపరులకు కట్టబెట్టడం సరికాదని నా గట్టి అభిప్రాయం. పాపాల కోసం అర్పించవలసిన బలిని యేసు ఒక్కసారే అర్పించాడని హెబ్రీ పత్రిక స్పష్టంగా చెబుతోంది. పేతురు "రాజులైన యాజకసమూహము" అన్నది విశ్వాసులందరినీ ఉద్దేశించే. మనకు మిగిలినవి స్తుతియాగం, ఇతరులకు చేసే ఉపకారం. హెబ్రీ పత్రిక 13వ అధ్యాయం ఆ రెంటినీ యాగాలనే పిలుస్తుంది.

యాజకుని అభిషేకంలో రక్తాన్ని కుడిచెవి కొనకు, కుడిచేతి బొటనవేలికి, కుడికాలి బొటనవేలికి పూసేవారు. వినడం, చేయడం, నడవడం అన్నీ దేవునివేనని నేను దానిని అర్థం చేసుకుంటాను. గిన్నెలు తోమే నా బొటనవేలు కూడా ఆ లెక్కలోదే అనుకున్న ఆదివారం నుండి నా పనిలో సణుగుడు తగ్గింది.

మీరు చదవడం మొదలుపెడితే సంఖ్యాకాండము 4వ అధ్యాయం దగ్గర కాస్త ఆగండి. గుడారాన్ని, దాని వస్తువులను మోసే లేవీయుల వంశాల్లో కహాతీయులు మందసాన్ని, బల్లను, దీపవృక్షాన్ని మోశారు. మెరారీయుల వంతుకు పలకలు, దిమ్మలు, మేకులు, తాళ్లు వచ్చాయి. వారిలో ఎవరు ఏది మోయాలో పేర్లు చెప్పి మరీ అప్పగించమని ఆజ్ఞ ఉన్నది ఈ మేకులు, తాళ్ల విషయంలోనే.